ఎర్రమ్మ పెనిమిటి గొంతు

సినిమాల్లో శబ్దాల పని నేర్చుకోవాలనుకునే పిల్లలు అప్పుడప్పుడూ పోర్ట్ బ్లెయిర్ దగ్గర ప్రోతరాపూర్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తుంటారు. ఏ మైకు కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, చెన్నై వెళ్లాలా హైదరాబాద్ వెళ్లాలా అని అడుగుతారు. తెలిసినంత చెప్తాను. టీ తాగి, ఫొటో దిగి, బస్సెక్కి వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లాక, అసలు చెప్పాల్సింది చెప్పలేదే అన్న బరువు నాకు మిగిలిపోతుంది. ఎదురుగా అంత ఉత్సాహంగా కూర్చున్నవాళ్లతో ఆ మాటలు అనడానికి నాకు నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

నా పేరు సింహాచలం. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం జనాన్ని ఓడల్లో తెచ్చి ఈ అండమాన్ దీవుల్లో దింపిన సెటిల్‌మెంట్ రోజుల్లో, మా అమ్మానాన్నలు శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను. వేట నాకు అబ్బలేదు. పడవ ఎక్కితే చాలు, కడుపులో తిప్పేది. చెవి మాత్రం మంచిదని బళ్లో మాస్టారు అనేవారు. ఆ చెవిని నమ్ముకుని చెన్నై వెళ్లి, సినిమా శబ్దాల్లో పడి, జుట్టు తెల్లబడేదాకా అందులోనే ఉన్నాను. ఎన్ని సినిమాలు చేశాను, ఎవరెవరితో చేశాను అన్నది ఇక్కడ అనవసరం. ఈ పని మనిషిని ఏం చేయగలదో నాకు తెలిసినంత చెప్తాను.

ఆరుముగం మాస్టారి చేట

చెన్నైలో నాకు పని నేర్పింది ఆరుముగం మాస్టారు. పొట్టి మనిషి, నోట్లో ఎప్పుడూ తమలపాకు. ఆయన గది పాత సామాన్ల కొట్టులా ఉండేది. విరిగిన గొడుగులు, కొబ్బరి చిప్పలు, తలుపు గడియలు, ఇసుక నింపిన తొట్టె. తెర మీద గుర్రం పరిగెత్తితే ఆయన చేతిలో కొబ్బరి చిప్పలు పరిగెత్తేవి.

నేను చేరిన కొత్తలో ఒక సినిమాకు సముద్రం కావలసి వచ్చింది. దీవివాణ్ణి కదా, గర్వంగా ముందుకొచ్చాను. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు స్టూడియో రికార్డరు మోసుకొచ్చి, ఒడ్డున కూర్చుని అలల చప్పుడు పట్టుకెళ్లాను. థియేటర్లో వేసి విన్నాం. ఎవరో మూకుట్లో బూరెలు వేయిస్తున్నట్టు చుయ్యిమంది. మాస్టారు నవ్వలేదు. చేటలో పెసలు పోసుకుని, మైకు ముందు కూర్చుని, మెల్లగా ఇటూ అటూ వంచారు. కళ్లు మూసుకుని విన్నాను. అచ్చం మా ఒడ్డే. తడి ఇసుక వాసన కూడా తగిలినట్టయింది.

"నువ్వు నిజం పట్టుకొచ్చావప్పా. ఎవరిక్కావాలి? చెవి నమ్మితే చాలు" అన్నారు.

ఆ మాటకు నేను ఆయనకు దాసుణ్ణయిపోయాను. మళ్లీ సెలవుకు వచ్చి ఒడ్డున కూర్చుంటే, అసలు సముద్రమే నాకు సరిగా లేనట్టు వినిపించింది. అల విరిగే చోట ఇంకాస్త మెత్తదనం ఉండాలి కదా అనిపించింది. తమాషాగా ఉందని నవ్వుకున్నాను. అది నవ్వే సంగతి కాదని అప్పుడు తెలియలేదు.

పోయిన అమ్మాయి

తర్వాత కొన్నాళ్లకు ఒక సినిమా షూటింగ్ పూర్తయింది. డబ్బింగ్ మొదలు కాకముందే అందులో చెల్లెలి వేషం వేసిన అమ్మాయి జబ్బు చేసి చనిపోయింది. ఆ అమ్మాయికి "ర" పలికేది కాదు. "రా" అంటే "లా" అన్నట్టు ఉండేది. సెట్లో అందరికీ ముద్దుగా ఉండేది కానీ తెర మీద పనికిరాదు. మాస్టారు ఒక డబ్బింగ్ ఆర్టిస్టు చేత, ఆ అమ్మాయి గొంతుకు దగ్గరగా, "ర" స్పష్టంగా చెప్పించారు.

సినిమా విడుదలకు ముందు వేసిన షోకి ఆ పిల్ల తల్లిని తీసుకొచ్చారు. ఆవిడ ఏడుస్తూనే చూసింది. అయిపోయాక మాస్టారి రెండు చేతులూ పట్టుకుని, "మా పాప గొంతు మళ్లీ వినిపించారు, మీరు దేవుడు. ఎంత స్పష్టంగా మాట్లాడిందో చూశారా?" అంది.

పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల "లా" అంటుంటే విన్న తల్లి. ఒక్క ఆటతో ఆ "లా" ఎక్కడికి పోయిందో! మాస్టారు దాన్ని మెప్పుగా తీసుకున్నారు. మేమూ అంతే. ఏళ్ల తరబడి స్టూడియోలో కొత్తగా చేరినవాళ్లకు ఈ కథ చెప్పి, పనంటే అలా ఉండాలి అనేవాళ్లం.

కిరణ్ కట్టిన బస్తీ

చివరి పెద్ద పని దగ్గరికి వస్తాను. హైదరాబాద్ నుంచి కిరణ్ అని ఒక కుర్ర డైరెక్టరు ఫోన్ చేశాడు. నేను పనిచేసిన డైరెక్టర్లలో అంత మర్యాదస్తుడు ఇంకొకడు లేడు. లైట్‌బాయ్‌కి కూడా తన చేత్తో మంచినీళ్లు అందించేవాడు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ కథలో చెడ్డవాడెవరా అని మీరు వెతుక్కుంటారు. వెతకకండి. ఎవరూ లేరు.

అతని సినిమా రాబోయే కాలంలో జరుగుతుంది. సముద్రం పెరిగి దీవుల ఒడ్లన్నీ మునిగిపోయాయి. దీవివాళ్లంతా ఎక్కడో పెద్ద ఊళ్లో, ఆకాశమంత మేడల్లో అగ్గిపెట్టెల్లాంటి గదుల్లో ఉంటారు. అక్కడొక ముసలాయన కళ్లకూ చెవులకూ ఒక యంత్రం తగిలించుకుని, కంప్యూటర్ కట్టిన లోకంలోకి వెళ్తుంటాడు. అందులో అతను చిన్నపిల్లవాడు. అది సెటిల్‌మెంట్ కాలం నాటి మత్స్యకారుల బస్తీ, అంటే ఇక్కడి మాటలో చిన్న ఊరు. అడవి కొట్టి వేసిన ఆకుల గుడిసెలు, వానలో జలగలు, సర్కారు ఇచ్చిన బియ్యం, సాయంత్రం వేట నుంచి వచ్చే తండ్రి. వెళ్లి వచ్చిన ప్రతిసారీ ముసలాయన బయటి లోకంలో ఏదో ఒకటి మరిచిపోతుంటాడు. ఆఖరికి కూతురి పేరు కూడా మరిచిపోయి, ఆ బస్తీలోనే ఉండిపోతాడు.

"సినిమాలో ముప్పాతిక భాగం ఆ లోకంలోనే జరుగుతుందండీ" అన్నాడు కిరణ్. "సినిమాతో పాటు అదే బస్తీని హెడ్‌సెట్‌లో కూడా కడుతున్నాం. జనం పెట్టుకుని అందులో నడవొచ్చు. బొమ్మ మేం చూసుకుంటాం. గాలి, సముద్రం, మనుషుల గొంతులు మీరు చెయ్యాలి సింహాచలం గారూ. మీరు అక్కడివాళ్లు కదా."

మా అమ్మానాన్నలు చెప్పిన ఊసులన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చాయి. ఒప్పుకున్నాను.

ఎర్రమ్మ, నూకరాజు

ఆ రోజుల నాటి శబ్దాల గురించి అడగడానికి మనుషులు కావాలి. అడగ్గా అడగ్గా బ్రూక్షాబాద్‌లో కూతురింట్లో ఉంటున్న ఎర్రమ్మ దొరికింది. పసిపిల్లగా ఓడ దిగి, లిటిల్ అండమాన్‌లో ఒక బస్తీలో పెరిగి, అక్కడే పెళ్లి చేసుకుని, అక్కడే ముసలిదయింది. సునామీలో ఆ బస్తీ పోయింది. ఆ ఉదయం ఆమె గుట్ట మీదికి కట్టెల కోసం వెళ్లింది. ఆమె భర్త సూరన్న ఒడ్డున వల బాగు చేసుకుంటున్నాడు. మళ్లీ కనపడలేదు. అక్కడ నేల కూడా కుంగింది. ఇప్పటికీ గుడిసెలున్న చోట ఉప్పునీరు నిలిచి ఉంటుంది.

మా వైపు అక్కను అప్ప అంటారు. నేను "అప్పా" అనగానే ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంది. ఆ బస్తీవాడే, ఆమె మరిది నూకరాజు, తుష్నాబాద్‌లో కొడుకు దగ్గరుంటాడు. సునామీ రోజు అతను పోర్ట్ బ్లెయిర్‌లో ఉండబట్టి బతికాడు. అతన్నీ పిలిపించాం.

ఇద్దరూ కూర్చున్నాక, బస్తీలో నుయ్యి ఎక్కడుండేదన్న దాని మీద తగువు మొదలైంది.

"నుయ్యి మా ఇంటెనకాలుండీది" అన్నాడు నూకరాజు. "జాంచెట్టు కిందన."

"నీ మొగం. జాంచెట్టు పుల్లమ్మోలిది. నుయ్యి ఒడ్డుకెల్లే దోవలోనుండీది. నీల్లు తోడి తోడి నా సేతులు పడిపోనాయి, నాకు తెల్దేటి?"

"అరే వదినా, నేను కూడా తోడినాను కదా! పక్కా ఇంటెనకాలే."

"నువ్వెప్పుడు తోడినావురా? మీ అన్న తోడినాడు, నువ్వు తాగినావు."

నేను నవ్వుతూ రికార్డ్ చేస్తున్నాను. కిరణ్ మనిషి ఒకతను బొమ్మ గీసుకుంటున్నాడు. ఏమీ తేలక, చివరికి కిరణ్ నూతిని మొగలి పొదల పక్కన పెట్టించాడు. అక్కడైతే వెలుగు బాగా పడుతుందట. వీళ్లిద్దరూ చెప్పిన చోట్లు రెండూ కావు.

సూరన్న ఫొటో ఒక్కటి కూడా మిగల్లేదు. ఉన్నవన్నీ ఇంటితో పాటే పోయాయి.

"మొగం కూడా మాసిపోతంది తమ్ముడూ" అంది ఎర్రమ్మ. "ముక్కు గుర్తొస్తే కళ్లు గుర్తు రావు. గొంతొకటే ఉండిపోనాది. డుంగీ ఒడ్డుకొచ్చీటప్పుడు కేకేసీవోడు. ఆ కేక ఇని నాను గంపట్టుకు ఎల్లీదాన్ని." డుంగీ అంటే ఇక్కడి చిన్న పడవ.

"ఎలా పిలిచేవాడప్పా?"

కొంచెం సిగ్గుపడింది. కొంగు సర్దుకుని, గొంతు బొంగురు చేసి, "ఎర్రీ... గంపట్టుకు రాయే!" అంది. అని, నవ్వేసింది. "అలాగ కాదు. నా గొంతుకు రాదది. ఇక్కడుంటాది" అని చెవి చూపించింది. "పొద్దోయేటప్పుడు ఇప్పటికీ ఇనపడతాది."

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న కూతురు పార్వతి లోపలికి వెళ్లిపోయింది. ఆమె ఒక ఆసుపత్రిలో ఆయాగా చేస్తుంది. తండ్రి మాట ఎత్తితే అక్కడ ఉండదని తర్వాత తెలిసింది.

"ఆయనే"

ఆ కేక కిరణ్‌కి పిచ్చిపిచ్చిగా నచ్చింది. సినిమాలో తండ్రి పడవ మీంచి అలాగే పిలవాలన్నాడు. పేరు కూడా మార్చనన్నాడు. అందుకు ఎర్రమ్మను అడిగాం. "సినిమాలో నా పేరా?" అని మురిసిపోయింది.

విశాఖపట్నం నుంచి శ్రీనివాస్ అనే డబ్బింగ్ ఆర్టిస్టును రప్పించాం. ఎవరి గొంతునైనా తన గొంతులోకి దించుకోగలవాడు. పోర్ట్ బ్లెయిర్‌లో చిన్న రికార్డింగ్ గది తీసుకుని, ఎర్రమ్మను పక్కన కూర్చోబెట్టి మొదలుపెట్టాం. నిజానికి ఆమెను పిలవనక్కర్లేదు. సినిమాకు ఎలాంటి కేకైనా సరిపోతుంది. ఆమే వస్తానంది. ఒక్కసారి వినాలని ఉందంది.

శ్రీనివాస్ పిలిచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇంకా బొంగురు." మళ్లీ పిలిచాడు. "నవ్వుతా పిలుస్తన్నాడు, ఆయన నవ్వడు." మళ్లీ. "అలిసిపోయినట్టుండాల, కానీ సేపలు పడినాయన్న కుశాలుండాల." మరునాడూ అదే పని. నేను ఆ గొంతుకు కొంచెం దూరం కలిపాను, నీటి మీంచి వచ్చేటప్పుడు ఉండే వణుకు కలిపాను, వెనకాల గాలి కలిపాను. వేసి వినిపించాను.

ఎర్రమ్మ కుర్చీలోంచి లేచింది. కొంగు తలమీదికి లాక్కుంది. ముందుకు రెండడుగులు వేసి, గోడ తగిలి ఆగిపోయింది.

"ఆయనే" అంది.

శ్రీనివాస్ అద్దం అవతల ఏడ్చేశాడు. కిరణ్ నన్ను కౌగిలించుకున్నాడు. ఈ పనిలో నేను చూసిన గొప్ప రోజు అదేనని అందరికీ చెప్పుకున్నాను.

హెడ్‌సెట్ గది

విడుదలకు ముందు కిరణ్ పోర్ట్ బ్లెయిర్‌లో ఒక హాలు తీసుకుని, మాకు ఊసులు చెప్పినవాళ్లందరికీ సినిమా చూపించాడు. పక్క గదిలో హెడ్‌సెట్లు పెట్టించాడు. కొన్ని వారాల పాటు ఎవరైనా వచ్చి పెట్టుకోవచ్చన్నాడు.

ఆ హెడ్‌సెట్ సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను. పెట్టుకుంటే గది కనపడదు. బస్తీ మధ్యలో నిలబడి ఉంటారు. తల తిప్పితే బస్తీ తిరుగుతుంది. సముద్రం కుడిచేతి వైపు వినిపిస్తుంటే, అటు తిరిగితే ఎదురుగా వినిపిస్తుంది. వీపు తిప్పితే వెనకనుంచి వినిపిస్తుంది. తెర మీద బొమ్మను జనం చూస్తారు, ఇందులో జనం ఉంటారు. ఆ ఉండడం అనేది బొమ్మ కంటే శబ్దం వల్లే ఎక్కువ వస్తుంది. దాన్ని నేను చాలా శ్రద్ధగా చేశాను.

ఎర్రమ్మ పెట్టుకుంది. కాసేపు కొయ్యలా నిలబడింది. తర్వాత చేతులు చాపుకుంటూ నడిచింది. దూరం నుంచి ఆ కేక వచ్చింది. డుంగీ దగ్గరయ్యేకొద్దీ కేక దగ్గరయింది. "వస్తన్నాను, వస్తన్నాను" అంటూ వంగి, కింద లేని గంపను అందుకోబోయింది. పడవలో తాడు విసిరే మనిషి మొహం సినిమాలో తండ్రి వేషం వేసిన నటుడిది. ఆ సంగతి ఆమెకు పట్టలేదు.

నూకరాజు మాత్రం హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టేసి, "ఇది మా బస్తీ కాదు భయ్యా. నుయ్యక్కడెక్కడుంది? ఏం మాటలివి?" అని చిరాకుపడ్డాడు.

ఎర్రమ్మ మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. ఎవరో ఒకరిని బతిమాలి బస్సెక్కించుకుని వచ్చేది. ఆ గది మూసేదాకా వస్తూనే ఉంది. ఒకరోజు పార్వతి డ్యూటీ నుంచి నేరుగా వచ్చి తల్లి కోసం గుమ్మంలో నిలబడింది.

"నువ్వు కూడా ఒకసారి పెట్టుకోమ్మా" అన్నాను.

"నాకొద్దు మావయ్యా. డర్ లగ్తా హై." భయమంది.

సినిమా బాగా ఆడింది. పెద్ద ఊళ్లలో జనం ఏడ్చారట. సముద్రం చూడనివాళ్లు కూడా, మా చిన్నతనం గుర్తొచ్చిందని రాశారు. హెడ్‌సెట్లు హైదరాబాద్ తీసుకెళ్లిపోయారు. కొన్నాళ్లకు అక్కడా జనం తగ్గితే వాటిని నడపడం ఆపేశారు. ఆ కేక ఒక్కటే బాగా పాకింది. ప్రచారం కోసం దాన్ని ఫోన్ రింగ్‌టోన్‌గా వదిలారు. చెన్నైలో, విజయవాడలో, ఎక్కడికి వెళ్లినా ఎవరి జేబులోంచో "ఎర్రీ... గంపట్టుకు రాయే!" అని వినిపించేది. నిజం చెప్పాలంటే, విన్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరించేది.

"తీసెయ్యి తమ్ముడూ"

ఆ తర్వాతి ఏడు నేను పని తగ్గించుకుని ప్రోతరాపూర్ వచ్చేశాను. ఒకనాడు బజారులో నూకరాజు కనిపించాడు. ఎవరో కుర్రాళ్లకు పాత బస్తీ సంగతులు చెప్తున్నాడు. "మొగలి పొదల పక్కనుండీది మా నుయ్యి. పొద్దుట ఎండ నేరుగా దాన్లో పడీది" అంటున్నాడు.

"జాంచెట్టు కింద కదా?" అన్నాను.

నా వైపు వింతగా చూశాడు. "జాంచెట్టా? జాంచెట్టు కింద నుయ్యెవడు తవ్వుతాడు భయ్యా?"

నవ్వడం లేదు. అబద్ధమాడడం లేదు.

ఆ వారంలోనే పార్వతి ఫోన్ చేసింది. "మావయ్యా, అమ్మ మిమ్మల్ని పిలుస్తోంది. ఒకసారి రండి. తిండి కూడా ఠీక్‌గా తినడం లేదు."

వెళ్లాను. ఎర్రమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. సగమై పోయింది. నన్ను పక్కన కూర్చోమంది.

"ఆయన గొంతు పోనాది తమ్ముడూ" అంది.

నాకు అర్థం కాలేదు.

"పొద్దోయేటప్పుడు ఇనపడీది గదా. ఇప్పుడూ ఇనపడతంది. కానీ ఆయన కాదు. ఆ సినిమా ఓడు పిలుస్తన్నాడు."

"నువ్వే ఆయనే అన్నావు కదప్పా?"

"అన్నాను. ఆ రోజు ఆయనే అనిపించింది. శానా దగ్గిర. ఇని ఇని, ఇప్పుడు తెలస్తంది. ఏదో తేడా ఉంది. ఏటి తేడా అని ఎతుకుదావంటే, ఆయన లేడు. ఆడొక్కడే ఉన్నాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "మొగం ఎప్పుడో పోనాది. గొంతొకటుండీది. నానే ఎల్లి ఎల్లి ఇని పోగొట్టుకున్నాను."

తర్వాత నా వైపు తిరిగి, చంటిపిల్ల అడిగినట్టు అడిగింది. "తీసెయ్యి తమ్ముడూ. నువ్వే గదా పెట్టినావు. మిసనీలో ఏది కావాలంటే అది తీసెత్తావంట గదా, కిరణ్ బాబు సెప్పినాడు. నా సెవిలోంచి ఆడి గొంతు తీసెయ్యి. కిందన ఆయనది ఉంటాదేమో."

తీస్తాం నిజమే. మాటల మధ్య దగ్గు, వెనకాల ఫ్యాను రొద, దూరంగా పోయే బండి, అన్నీ పట్టుకుని తీసేస్తాం. కింద ఉన్నది పైకి వస్తుంది. అది యంత్రంలో. మొదటిరోజు ఆమె స్వయంగా అనుకరించిన కేక నా దగ్గర ఉంటే వేసి వినిపించాను. తల వంచి విన్నది.

"ఇది నా గొంతే గదా. ముసిల్దాని గొంతు" అంది. అంతే.

నూకరాజును పిలిపించాను. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లు, గొంతులో ఎక్కడో పోలిక ఉంటుంది కదా అనుకున్నాను. "మీ అన్న ఎలా పిలిచేవాడో అలా పిలు" అన్నాను. అతను వాకిట్లో నిలబడి, ఛాతీ నిండా గాలి పీల్చి పిలిచాడు.

శ్రీనివాస్ పిలుపది. నేను కలిపిన నీటి వణుకుతో సహా అతని గొంతులోంచి వచ్చింది.

ఎర్రమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. నూకరాజు నా వైపు చూసి, "బాగా రాలేదా భయ్యా?" అన్నాడు.

అప్పుడు పార్వతి గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలి నుంచి ఎర్రమ్మ అడుగుతోంది. "నీకు ఇనపడతందేటే, మీ అయ్య?"

"వినపడతాడమ్మా."

"సినిమా ఓడా?"

"కాదు. నేను ఆ సినిమా చూడలేదు కదా. నాన్నే."

"ఎలాగుంటాది? సెప్పవే. ఒక్కపాలి పిలు."

పార్వతి నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. గొంతు రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. లోపలికి వెళ్లి తల్లి పక్కన కూర్చుని, ఆమె వీపు నిమురుతూ, "నాకు రాదమ్మా. లోపలుంది, బయటికి రాదు. నేనేం చెయ్యను?" అంది. ఆ తల్లీకూతుళ్లు అలా కూర్చుంటే చూడలేక, చెప్పకుండానే బయటికి వచ్చేశాను.

మా పని గురించి ఒక మాట

కిరణ్ సినిమాలో ముసలాయన లోపలి లోకంలో పడి బయటి లోకాన్ని మరిచిపోతాడు. జనం దానికే ఏడ్చారు. మా ఎర్రమ్మకు జరిగింది వేరు. ఆమె లోపలికి వెళ్లింది గుర్తు పెట్టుకోవడానికి. ఎందుకు వెళ్లిందో దాన్నే పోగొట్టుకుని వచ్చింది.

మేం చెత్తగా చేసి ఉంటే ఇది జరిగేది కాదు. శ్రీనివాస్ గొంతు కుదరకపోయి ఉంటే ఆమె నవ్వి ఊరుకునేది. ఇంటికి వెళ్లి తన సూరన్నను తను వినేది. పని బాగా వచ్చింది కాబట్టే ఇలా అయింది. దీనికి విరుగుడేమైనా ఉందా అని చాలా ఆలోచించాను. పని తెలిసినవాళ్లను అడిగాను. కిరణ్‌కి చెప్తే అతను ఫోన్‌లోనే ఏడ్చాడు, అంతకు మించి అతను మాత్రం ఏం చేయగలడు? చేట చప్పుడుకు లొంగిపోయే చెవి మనది. దగ్గరగా ఉన్న నకలును పక్కన పెడితే అసలుదాన్ని వదిలేస్తుంది. వదిలేసినట్టు తనకే తెలియదు. ఎర్రమ్మకు తెలిసింది, అదే ఆమె దురదృష్టం. ఎక్కువమందికి తెలియను కూడా తెలియదు.

ఈ పనిలోకి రావద్దని మీకు చెప్పను. మీరు రాకపోతే ఇంకొకరు వస్తారు. యంత్రాలు ఇంకా బాగుపడతాయి. చనిపోయినవాళ్ల గొంతులు చేసిపెట్టమని మీ దగ్గరికి మనుషులు వస్తారు, కాళ్లావేళ్లా పడతారు. వాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలిస్తే ఇక్కడ రాసేవాణ్ణి.

పార్వతి

ఎర్రమ్మ ఆ వర్షాకాలం దాటలేదు. పెద్ద జబ్బేమీ లేదన్నారు. కార్యం అయ్యాక కొన్నాళ్లకు పార్వతి, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్తూ, దారిలో దిగి మా ఇంటికి వచ్చింది. చీర చెంగు తడిసి ఉంది. మా ఆవిడ మంచినీళ్లిచ్చింది.

"ఏమైందమ్మా?" అన్నాను.

"బస్సులో నా వెనక సీట్లో ఎవరిదో ఫోన్ మోగింది మావయ్యా. అదే కేక. టీవీలో వస్తే కట్టేస్తాను. వార్డులో వస్తే బయటికి వెళ్లిపోతాను. బస్సులో ఎక్కడికి పోను? మూడుసార్లు మోగింది. వాడు ఎత్తడు. కండక్టరు నవ్వుతున్నాడు."

"విన్నావా?"

"చెవులు మూసుకున్నాను. అందరూ నన్నే చూశారు. పర్వాలేదు, మూసుకునే ఉన్నాను." గ్లాసు కింద పెట్టింది. "అమ్మ పోయింది. చిన్నాన్నకు గుర్తు లేదు. నాన్న గొంతు ఇంక నా ఒక్కదాని దగ్గరే ఉంది. ఎన్నాళ్లని మూసుకోను మావయ్యా?"

బ్రూక్షాబాద్ వెళ్లే బస్సు వచ్చేదాకా రోడ్డు మీద ఆమెతో నిలబడ్డాను. ఎక్కేటప్పుడు, రెండు చేతులూ చెవుల దగ్గరికి తెచ్చుకుని, అలాగే మెట్టెక్కింది.